పెద్ద జాతి కుక్కకు అంతుచిక్కని నొప్పి: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఎక్స్‌రే బాగుందన్నారు, రక్తపరీక్ష బాగుందన్నారు, కుక్క మాత్రం బాగాలేదు." ఈ మాట లాబ్రడార్ పెంచేవాళ్ళ నుంచీ, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ పెంచేవాళ్ళ నుంచీ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అడిగే అనుమానాలు ఎప్పుడూ అవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. మా భీముడు 41 కిలోల లాబ్రడార్. వాడి నొప్పికి పేరు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. నొప్పి తగ్గడం మాత్రం మందులు మొదలుపెట్టిన మొదటి వారం చివరినుంచే కనిపించింది. పేరు దొరికేదాకా ఉపశమనం ఆపి కూర్చోనక్కర్లేదు. ఇదంతా రాయడానికి కారణం అదే.

## మొదటి అనుమానం

కుంటడం లేదు, అరవడం లేదు, తిండి కూడా మానలేదు. నొప్పి అని ఎలా అనుకోవాలి?

తింటోంది కదా అని మోసపోకండి. లాబ్రడార్లు ఎంత నొప్పిలోనైనా గిన్నె ఖాళీ చేస్తాయి. నెలల తరబడి సాగే నొప్పికి కుక్క అరవదు, చేసే పనులు ఒక్కొక్కటే మానేస్తుంది. కారెక్కే ముందు ఒక క్షణం ఆగుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది. కూర్చుంటే ఒక కాలు పక్కకి చాపేస్తుంది. ముంగాలి మణికట్టు దగ్గర ఒకేచోట నాకి నాకి వెంట్రుకలు ఎర్రబడతాయి. గేటు చప్పుడైతే పరుగెత్తేది కాస్తా తల మాత్రం ఎత్తి చూసి మళ్ళీ పడుకుంటుంది.

భీముడి సంగతి మాకు మొదట చెవికే తెలిసింది. వరండాలో నడుస్తుంటే వెనక కుడికాలి గోళ్ళు నేలకి సర్‌సర్‌మని రాసుకునేవి. పాదం ఎత్తి చూస్తే మధ్య రెండు గోళ్ళూ మిగతావాటికంటే పొట్టిగా, ఆకురాయితో గీకినట్టు పైవైపు అరిగిపోయి ఉన్నాయి. ఆ అరుగుదల ఒక్కరోజులో వచ్చింది కాదు. ఎన్ని వారాలుగా ఆ కాలు ఈడుస్తున్నాడో మాకు తెలియనే లేదు. మీ కుక్క నాలుగు పాదాలూ ఇవాళే ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

రాత్రి రెండింటికి లేచి ఒగరుస్తూ ఇల్లంతా తిరుగుతోంది. వేడికా, నొప్పికా?

గది చల్లబడ్డాక కూడా ఒగర్పు ఆగకపోతే వేడి మీద నెట్టేయకండి. పగలు పదిమంది మధ్య ధ్యాస మళ్ళుతుంది. రాత్రి పడుకోగానే ఒకే వైపు బరువు పడి నొప్పి పైకి తేలుతుంది. గుండె జబ్బు, హార్మోన్ల తేడా, ముసలితనపు మతిమరుపు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి డాక్టరుకు తప్పక చెప్పాలి. గాఢనిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టండి. రోజూ 30 దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు ముందు చూపించాలి.

ఏ కాలో తేలడం లేదు. ఇంట్లో కనిపెట్టే మార్గం ఉందా?

ఫోన్లో స్లోమోషన్ పెట్టి, పక్కనుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి, వెనకనుంచి ఒకసారి నడిపించి తీయండి. ముందు కాలు నొప్పయితే ఆ కాలు నేల తాకగానే తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి తల ఊపు బాగా తెలుస్తుంది. వెనక కాలైతే తుంటి ఒకవైపు ఎక్కువ లేస్తుంది. దర్జీ టేపుతో రెండు తొడలూ ఒకే ఎత్తులో కొలవండి. సన్నబడ్డ తొడే కొంతకాలంగా బరువు తప్పించుకుంటున్న కాలు.

తెల్లారేదాకా ఆగకూడని గుర్తులు ఏవి?

పొట్ట ఉబ్బి డప్పులా బిగుసుకుని, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే అది కడుపు మెలిపడటం కావచ్చు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో ఇది గంటల్లో ప్రాణం తీస్తుంది. చిగుళ్ళు పాలిపోవడం, వెనక కాళ్ళు ఉన్నట్టుండి పడిపోవడం, మూత్రం రాకపోవడం, జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం, కాలు అసలు నేల మోపలేకపోవడం కూడా అంతే. వీటిలో ఏది కనిపించినా మందుబిళ్ళ వెతకడం మాని బండి తీయండి.

## డాక్టరు దగ్గర

ఇంట్లో అంత ఇబ్బందిపడే కుక్క ఆసుపత్రిలో మామూలుగా నడుస్తుంది. డాక్టరు నమ్మడం లేదు. ఏం చేయాలి?

కొత్త చోటు భయానికీ హుషారుకీ నొప్పి కాసేపు అణిగిపోతుంది. అందుకే ఇంట్లో తీసిన వీడియో మీ నోటిమాట కంటే ఎక్కువ పనిచేస్తుంది. తెల్లవారి లేచిన మొదటి పది అడుగులు, మెట్లు ఎక్కడం, మలవిసర్జనకు కూర్చోవడం, ఈ మూడూ చాలు. దాంతోపాటు రెండు వారాల డైరీ ఒకటి రాయండి. ఏ రోజు ఎంత దూరం నడిచింది, ఎన్నిసార్లు లేవడానికి తటపటాయించింది, ఏ మందు ఎన్నింటికి వేశారు. "ఈమధ్య డల్‌గా ఉంది" అంటే డాక్టరు చేతికి ఏమీ అందదు. "వర్షం పడ్డ మర్నాడు లేవడానికి మూడుసార్లు ప్రయత్నించింది" అంటే అందుతుంది.

ఎనిమిది నెలల పిల్ల. ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు కుంటుతోంది. కాల్షియం సిరప్ ఇస్తున్నాం, పెంచమంటారా?

పెంచకండి, డాక్టర్ని అడిగి అసలు మానేయండి. పెద్ద జాతి పిల్లలకి సరైన ఫీడ్ పెడుతూ పైనుంచి కాల్షియం పోయడం మన దగ్గర చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. పెద్దదవుతోంది, ఎముకలు గట్టిపడాలి అన్న ప్రేమతోనే పోస్తారు. కానీ చిన్న వయసులో పేగు కాల్షియాన్ని అదుపుగా పీల్చుకోలేదు. ఎక్కువైనదంతా ఒంట్లోకి చేరి ఎముకల, కీళ్ళ ఎదుగుదలనే చెడగొడుతుంది. పాలు, గుడ్డు పెంకు పొడి, సిరప్, ఫీడ్ అన్నీ కలిపితే ఎంత అవుతోందో ఎవరూ లెక్క వేయరు. అచ్చంగా అన్నం, మాంసం మీదే పెరుగుతున్న పిల్ల అయితే సంగతి వేరు. అప్పుడు ఎంత ఇవ్వాలో డాక్టరు లెక్క కట్టాలి.

కాలు మార్చి కాలు కుంటడం, పొడవాటి ఎముకని మధ్యలో నొక్కితే కాలు లాగేసుకోవడం చూస్తే పానోస్టియైటిస్ (ఎదిగే వయసులో పొడవాటి ఎముకల్లో వచ్చే వాపు) అనుమానిస్తారు. 5 నుంచి 18 నెలల వయసులో, అందులోనూ మగ జర్మన్ షెపర్డుల్లో ఎక్కువ. వస్తూ పోతూ వయసుతో దానంతటదే తగ్గిపోతుంది. ఈలోగా నొప్పికి మందు ఇవ్వాలి. ఇదే వయసులో తుంటి, మోచేయి డిస్‌ప్లాసియా (కీలు సరిగ్గా అమరకుండా ఎదగడం) కూడా బయటపడతాయి కాబట్టి ఎక్స్‌రే తీయకుండా పేరు ఖాయం చేసుకోకండి.

పిడుదుల వల్ల కీళ్ళనొప్పులు వస్తాయా?

వస్తాయి. మన వాతావరణంలో నొప్పికి కారణం తెలియని ఏ కుక్కకైనా ముందు చూడాల్సింది ఇదే. పిడుదులు (కొన్నిచోట్ల గోమార్లంటారు) మోసుకొచ్చే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా వల్ల జ్వరం, కీళ్ళ వాపు, నీరసం, ముక్కునుంచి రక్తం రావచ్చు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం పెద్ద ఆధారం. ప్లేట్‌లెట్లు బాగున్నంత మాత్రాన లేదని కాదు, దానికి వేరే పరీక్ష ఉంది. మందు సాధారణంగా డాక్సీసైక్లిన్, 28 రోజులు. మూడోరోజుకే కుక్క లేచి తిరుగుతుంది, అది చూసి పదో రోజున మానేసేవాళ్ళే ఎక్కువ. మానకండి. ఆ బిళ్ళ వట్టి గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది, తిండి పెట్టాక వేసి నీళ్ళు తాగించండి.

ముట్టుకుంటే కరవబోయింది. ఇంత మంచి కుక్క ఎందుకిలా చేసింది?

నొప్పికి చేసింది. ఎంత సాధువైన కుక్కైనా నొక్కరాని చోట నొక్కితే కరుస్తుంది. మజిల్ (కరవకుండా మూతికి వేసే తొడుగు) ఇంట్లోనే నాలుగు రోజులు పెట్టి అలవాటు చేసి తీసుకెళ్ళండి. ఒగరుస్తున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి గట్టిగా కట్టకూడదు. కొద్దిపాటి మత్తు ఇచ్చి పరీక్ష చేస్తామంటే భయపడకండి. తుంటి ఎక్స్‌రేకి కాళ్ళు చాపి పట్టాలి, మెలకువగా ఉన్న కుక్కకి అది నరకం.

## పరీక్షలన్నీ బాగున్నాయన్నప్పుడు

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అంటే నొప్పి లేనట్టేనా?

కాదు. మామూలు ఎక్స్‌రేలో నరాలు, వెన్నుపాము, డిస్క్ జారి నొక్కడం, కండరాల దెబ్బ కనిపించవు. ఎముక లోపలి నుంచి తినేస్తున్నా, 30 నుంచి 50 శాతం ఖనిజం పోతేగాని ఫిల్ము మీద మచ్చ తేలదు. వెన్నుపూసల మధ్య ఇన్‌ఫెక్షన్ మొదలైన రెండుమూడు వారాల దాకా ఎక్స్‌రే శుభ్రంగానే ఉండవచ్చు. నొప్పి తగ్గకపోతే మూడు, నాలుగు వారాలకి మళ్ళీ తీయించమని మీరే అడగండి. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. తుంటి కీలు భయంకరంగా అరిగినట్టు కనిపించే కుక్క హాయిగా తిరుగుతుంటుంది, అసలు నొప్పి మోకాలి లిగమెంటు నుంచి వస్తుంటుంది. చేత్తో తడిమి చేసే పరీక్షకి ఫిల్ము ప్రత్యామ్నాయం కాదు.

నిజంగా నొప్పేనా, లేక గారాబంతో వేషాలా? తేల్చేదెలా?

డాక్టరు పర్యవేక్షణలో రెండు వారాలు నొప్పి మందు వాడి చూడటమే తేలిక మార్గం. మందు వేస్తే మెట్లెక్కి, ఆపగానే మళ్ళీ కిందే పడుకుంటే అది వేషం కాదు. మొదలుపెట్టే ముందు దాని జీవితంలోని నాలుగైదు పనులు రాసుకోండి. సోఫా ఎక్కడం, ఒళ్ళు విదిలించుకోవడం, గేటు దాకా పరుగు, మీరు రాగానే తోక ఎంత ఎత్తున ఊపుతుంది. ఒక్కో దానికి వారానికోసారి పదికి మార్కులు వేయండి. భీముడి పుస్తకంలో ఏడోరోజున మా అమ్మ రాసిన ఒక లైను ఉంది: "ఇవాళ ఒళ్ళు విదిలించాడు, తోక దాకా." అంతకుముందు మెడ దగ్గరే ఆపేసేవాడు.

ఎముక క్యాన్సరేమోనని భయంగా ఉంది. ఎప్పుడు అనుమానించాలి?

పెద్ద జాతుల్లో, నడివయసు దాటాక, ఒకే కాలు వారం వారం ఎక్కువగా కుంటుతూ, మందులకి లొంగకుండా, ఎముక మీద గట్టి వాపు కనిపిస్తే. ముంగాలి మణికట్టు పైన, భుజం దగ్గర, మోకాలి చుట్టూ ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. అలాంటి చోట రుద్దడం, కాపడం పెట్టడం వద్దు. వెంటనే ఆ భాగానికీ ఛాతీకీ ఎక్స్‌రే తీయించండి.

మా ఊళ్ళో చేయగలిగిందంతా అయిపోయింది. తరవాత ఎక్కడికి?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కళాశాల, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల, చెన్నై వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ వైపు చూడండి. సర్జరీ, మెడిసిన్ విభాగాలు ఒకేచోట ఉండటం పెద్ద సాయం. ఎమ్మారై, కీలు నీటి పరీక్ష లాంటివి ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. పాత ఎక్స్‌రేలు కాగితం మీదవి కాకుండా అసలు డిజిటల్ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి.

మేమూ ఊరు దాటి వెళ్ళి ఎమ్మారై తీయించాకే నడుము చివర, తోక మొదలులో నరాల మీద డిస్క్ ఒత్తుతోందని తేలింది. అప్పటికి మూడు ఎక్స్‌రేలు "నార్మల్".

అన్నీ అయ్యాక కూడా కారణం దొరకకపోతే?

అప్పుడు నొప్పినే జబ్బుగా తీసుకుని వైద్యం చేస్తారు. చాలాకాలం నొప్పి పడ్డ నరాలకి అదే అలవాటైపోతుంది. కాలింగ్‌బెల్ బటన్ ఇరుక్కుపోతే గుమ్మంలో మనిషి లేకపోయినా గంట మోగుతూనే ఉంటుంది చూడండి, అలాగ. గాబాపెంటిన్, అమాంటడిన్ లాంటివి ఆ మోతని తగ్గించడానికే వాడతారు. "ఏమీ లేదు" అని రాసిన రిపోర్టుకీ "ఏమీ చేయలేం" అనే మాటకీ సంబంధం లేదు.

## మందులు

డోలో సగం బిళ్ళ వేయవచ్చా? బ్రూఫెన్?

మీ అంతట మీరు ఏదీ వేయకండి. బ్రూఫెన్‌లో ఉండే ఇబుప్రోఫెన్, అలాంటిదే డైక్లోఫెనాక్, కుక్కల్లో కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. డోలోలో ఉండే పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. మనిషి బరువులో సగం ఉంది కాబట్టి సగం బిళ్ళ అనే లెక్క ఇక్కడ చెల్లదు. కుక్కల కోసం కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ లాంటివి ఉన్నాయి. అవైనా తిండి తర్వాతే వేయాలి, మొదలుపెట్టే ముందూ కొన్ని వారాల తర్వాతా కిడ్నీ, లివర్ పరీక్షలు చేయించాలి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతులైనా ఆపేసి ఫోన్ చేయండి.

జండూ బామ్, స్ప్రే రాయవచ్చా?

వద్దు. రాసిందంతా నాకేస్తుంది. ఇలాంటి వాటిలో ఉండే మిథైల్ సాలిసిలేట్, కర్పూరం కుక్క కడుపులోకి వెళితే విషమే.

ఇంజక్షన్ చేయించగానే రెండు రోజులు గంతులు వేసింది, మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకోటి వేయించాలా?

ముందు అది ఏ ఇంజక్షనో కాగితం మీద రాయించుకోండి. రెండు రోజుల అద్భుతం చాలాసార్లు స్టెరాయిడ్ వల్లే. కొన్ని జబ్బులకి స్టెరాయిడే సరైన మందు, కానీ జబ్బు తెలియకుండా వేస్తే ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది, తర్వాత చేసే పరీక్షలు తారుమారవుతాయి. పైగా స్టెరాయిడూ మామూలు నొప్పి బిళ్ళా ఒకేసారి పడితే కడుపులో రంధ్రం పడే ప్రమాదం ఉంది. మాకు ఇది చెప్పినవాళ్ళు లేరు. ఒకచోట వేసిన ఇంజక్షన్ పేరు తెలియక ఇంకోచోట బిళ్ళ వాడి, భీముడికి నాలుగు రోజులు నల్లటి విరేచనాలయ్యాయి. ఆ కాగితం కోసం గొడవపడాల్సి వచ్చినా పడండి.

గాబాపెంటిన్ వేస్తే తూలుతోంది. ఆపేయాలా?

మొదటి రెండు మూడు రోజులు తూలడం, మగతగా ఉండటం మామూలే. మెట్ల దగ్గర అడ్డం పెట్టండి. తగ్గకపోతే డాక్టరు మోతాదు మారుస్తారు. ఎనిమిది గంటలకే పనితనం తగ్గుతుంది కాబట్టి చెప్పిన వేళ తప్పకండి, వారాల తరబడి వాడాక ఉన్నట్టుండి ఆపకండి. మనుషుల కోసం చేసిన సిరప్ కొనకండి, కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకి ప్రాణాంతకం.

గ్లూకోసమిన్, చేపనూనె పనిచేస్తాయా?

కీళ్ళ అరుగుదలకి చేపనూనెలోని ఒమేగా-3కి మంచి ఆధారాలున్నాయి, మోతాదు బరువుని బట్టి అడగండి. గ్లూకోసమిన్‌కి అంత బలమైన ఆధారాలు లేవు. డబ్బు ఒక్కదానికే ఉంటే నొప్పి మందుకి పెట్టండి.

## ఇంట్లో

గ్రానైట్ నేల మీద జారిపోతోంది. ఇల్లంతా కార్పెట్ వేయలేం కదా?

ఇల్లంతా అక్కర్లేదు. అది నడిచే దారి చాలు. పడక నుంచి నీళ్ళగిన్నె, అక్కడినుంచి గుమ్మం. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్లు, పాత యోగా మ్యాట్లు వరసగా పరవండి. పాదాల కింద వేళ్ళ మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి, గోళ్ళు నేలకి తగలకుండా చూసుకోండి. మందులన్నిటికంటే ముందు మా ఇంట్లో తేడా చూపించింది ఈ చాపల దారే. పడకకి పాత బొంతలు రెండు మడతేసినా సరిపోతుంది. మీరు మోకాలు దానిమీద ఆనించి బరువు వేస్తే నేల తగలకూడదు.

బరువు నిజంగా అంత ముఖ్యమా? పెరుగన్నమే కదా పెడుతున్నాం.

చాలా ముఖ్యం. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్లని జీవితాంతం గమనించారు. జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెడితే, అవి సగటున దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది. చేయి చాపి పక్కటెముకల మీద రాయండి. వేళ్ళు గట్టిగా నొక్కకుండానే ఎముకలు తగలాలి. పెరుగన్నం కంటే అసలు దొంగ టీ వేళ బిస్కెట్. ఇంట్లో నలుగురూ తలా రెండు వేస్తే రోజుకి ఎనిమిది. పొద్దున్నే ఆ రోజు కోటా ఒక డబ్బాలో వేసి, అందరూ అందులోంచే ఇవ్వండి.

నడిపించాలా, పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలా?

కొత్త దెబ్బైతే డాక్టరు చెప్పినన్ని రోజులు విశ్రాంతి. పాత నొప్పైతే నడక మానేస్తే కండ కరిగి ఇంకా పాడవుతుంది. గంటసేపు ఒకేసారి కాకుండా పదేసి నిమిషాలు మూడు నాలుగుసార్లు, మట్టి మీదో గడ్డి మీదో, మెడపట్టీ కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌తో. బంతి విసరడం మానండి. చెరువులో, కాలవలో ఈత మంచిదే అనిపిస్తుంది గానీ గట్టు ఎక్కేటప్పుడు బురదలో జారితే పడ్డ కష్టమంతా పోతుంది.

వేడి కాపడం పెట్టవచ్చా?

బిగుసుకున్న పాత కీలుకి పెట్టవచ్చు. వేడినీళ్ళలో పిండిన తువ్వాలు, ముందు మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని, పది నిమిషాలు. అప్పుడే వాచినచోట, కారణం తెలియని గడ్డ మీద వద్దు.

మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, నలభై కిలోలు. ఎలా దింపాలి?

నడవగలిగితే పొడవాటి తువ్వాలు పొట్ట కింద, వెనక కాళ్ళ ముందునుంచి వేసి రెండు కొసలూ పైకి పట్టుకోండి. బరువు సగం మీ చేతుల్లో ఉంటుంది. నడవలేకపోతే గట్టి దుప్పటి మీదకి జరిపి ఇద్దరు నాలుగు మూలలూ పట్టుకోవాలి. ఒక్కరే చంకలో చేతులేసి ఎత్తకండి, కుక్క నడుమూ పోతుంది, మీదీ పోతుంది.

## నెలలు గడిచాక

బాగున్న కుక్క ఉన్నట్టుండి మళ్ళీ కూలబడింది. మందు పనిచేయడం మానేసిందా?

తొందరపడి అనుకోకండి. ముందురోజు ఎక్కువ నడిచిందా, జారిందా, ఒక డోసు తప్పిందా చూడండి. డాక్టరు ముందే రాసిచ్చిన అత్యవసర మోతాదు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మూడు రోజులు దాటినా, కొత్త చోట నొప్పి కనిపించినా మళ్ళీ పరీక్ష చేయించాలి.

ఇక చాలని ఎప్పుడు తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడగడం పాపం కాదు. వెటర్నరీ డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ ఒక కొలత తయారుచేశారు. నొప్పి అదుపు, ఆకలి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా లాక్కురావచ్చని ఆమె లెక్క. గోడ క్యాలెండర్ మీద మంచి రోజుకి పసుపు చుక్క, చెడ్డ రోజుకి నల్ల చుక్క పెట్టండి. ఇంట్లో అందరూ ఒకే క్యాలెండర్ చూస్తారు కాబట్టి, ఒకరి బెంగకీ ఇంకొకరి ఆశకీ మధ్య వాదన పెరగదు. నల్ల చుక్కలు వరసగా పడుతుంటే డాక్టరుతో కూర్చుని మాట్లాడండి.

రాత్రిళ్ళు నాకే నిద్ర లేదు. ఇలా ఎన్నాళ్ళు?

ఒక్కరే మోయకండి. మందుల వేళలు ఇంట్లో పంచుకోండి, ఎవరు ఏది వేశారో ఫ్రిజ్ మీద రాసుకోండి, లేకపోతే ఒకే బిళ్ళ రెండుసార్లు పడుతుంది. మా ఇంట్లో రాత్రి పదింటిది నాన్నగారిది, పొద్దున ఆరింటిది నాది. ఆదివారం రెండూ మా చెల్లివి. ఆ రోజు నేను ఫోన్ ఆపేసి పడుకుంటాను.